రోల్లో ఇంకా మూడు

రైల్వే కాలనీ, బిలాస్‌పూర్
12 మార్చి 2006

మేనేజరు గారికి,

గార్డు రమణమూర్తి నమస్కారాలు. మీరు కరీంనగర్ బదిలీ అయి తొమ్మిది నెలలైంది. సర్కండాలో మీరున్న ఇంట్లో ఇప్పుడు ఎవరో బొగ్గు గనుల ఆఫీసరు దిగాడు. ఆదివారం పొద్దున్నే కెమెరా పట్టుకుని అర్పా నది వంతెన మీద ఒక్కణ్ణే నడుస్తుంటే, "భాస్కరరావు సాబ్ కహాఁ?" అని టీకొట్టు అతను ఇప్పటికీ అడుగుతున్నాడు. ఫోన్ చేయొచ్చు కదా అంటారు. ఫోన్లో మీరు మాట్లాడతారు, నేను వింటాను. ఉత్తరమైతే నా వంతు నాకుంటుంది.

విషయం ఏమిటంటే, కెమెరా మార్చాలనుకుంటున్నాను. గోల్ బజార్ స్టూడియో అతను డిజిటల్‌కి మారిపోయి తన ఫిల్ము కెమెరా అమ్మేస్తున్నాడు. చేతిలోకి తీసుకుంటే మళ్ళీ దించబుద్ధి కాలేదు. అటు చూస్తే మీ దగ్గరున్నటువంటి డిజిటల్, చొక్కా జేబులో పట్టేది, మంచి లెన్సుది. మీరు ఏడాదిగా వాడుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పండి. నవంబరు ముప్పైకి నేను రిటైరవుతున్నాను. నేను కొనే ఆఖరి కెమెరా ఇదే.

మన సింహాచలం జనవరి ముప్పై ఒకటిన రిటైరయ్యాడు. ఆఖరి డ్యూటీ రాయగఢ్ నుంచి ప్యాసింజరు. ముందు డ్రైవరు ఆయన, వెనక గార్డుని నేనే. బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఇంజినుకి బంతిపూల దండలు, చక్రం ముందు కొబ్బరికాయ, బాజా, లడ్డూలు, అంతా మన కాలనీ ఆనవాయితీ ప్రకారమే జరిగింది. ఆయన భార్య అప్పలనర్సమ్మ వదిన జన్మలో మొదటిసారి ఇంజిను ఎక్కింది. కాలనీలో ఎవరి ఆఖరి డ్యూటీ అయినా ఫోటోలు నేనే తీస్తానని మీకు తెలుసు. ఇవీ తీశాను. రోల్లో ఇంకా మూడు మిగిలాయి, అవి అయ్యాక కడిగిస్తాను.

శారదమ్మ గారిని మా అచ్చియమ్మ అడిగినట్టు చెప్పమంది.

మీ
రమణమూర్తి


కరీంనగర్
25 మార్చి 2006

గార్డు గారూ,

మీ ఉత్తరం చూసి ప్రాణం లేచి వచ్చింది. ఎన్నాళ్ళకి దారిలోకొచ్చారు! తొమ్మిదేళ్ళు మీ వెనక వంతెన మీద నడిచి, "ఆగండి, ఎండ ఇంకా పడలేదు" అని మీరంటుంటే వినీ వినీ నాకు తల నెరిసింది. ఇక వినండి నా మాట. డిజిటల్ కొనండి.

నాది ఏడు మెగాపిక్సెళ్ళు. ఒళ్ళంతా లోహం, లెన్సు అద్దంలా ఉంటుంది. వెనక తెర మీద తీసింది తీసినట్టు కనిపిస్తుంది. రోల్ ఎక్కించడం, దించడం, కడిగేవాడి చుట్టూ తిరగడం ఏమీ లేదు. మొన్న మా బ్రాంచి ముందున్న గేదెని పదకొండు సార్లు తీశాను. అది విసుక్కుని వెళ్ళిపోయింది గాని నాకు విసుగు రాలేదు. శారద మాత్రం, "గా కెమెరా చేతుల లేకుంటే నీకు బువ్వ గూడ దిగుతలేదు" అంటోంది. పప్పులో తాలింపు వేసేటప్పుడు కూడా తీశానని కోపం.

స్టూడియో అతను ఎందుకు అమ్ముతున్నాడో ఒక్కసారి ఆలోచించండి. మీరు ఊఁ అంటే మా అబ్బాయి శ్రీవత్స హైదరాబాదులో కొని పంపిస్తాడు.

సింహాచలం గారి ఫోటో ఒకటి నాకూ పంపండి. ఆయన మీసం, దాని కింద బంతిపూల దండ ఎలా ఉందో చూడాలి.

మీ
భాస్కరరావు


బిలాస్‌పూర్
20 ఏప్రిల్ 2006

మేనేజరు గారికి,

మీరు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి. కొన్ని అనుమానాలు మాత్రం ఉన్నాయి. బ్యాటరీ మధ్యలో అయిపోతే ఏం చేస్తారు? ఎండలో ఆ తెర కనిపిస్తుందా? ఫిల్ములో అయితే ముప్పై ఆరే కాబట్టి మనిషి ఆలోచించి నొక్కుతాడు. మీరు గేదెని పదకొండు సార్లు తీశారంటే ఒక్కసారైనా సరిగ్గా చూడలేదన్నమాట. కోపం తెచ్చుకోకండి, పేచీ పెట్టుకోవడానికి ఇక్కడ మీ అంత మనిషి దొరకడం లేదు.

ఒక్క సంగతి మాత్రం విడమరచి రాయండి. నొక్కాక ఫోటో లోపల పడిందో లేదో కచ్చితంగా తెలుస్తుందా? అంటే, అంకె మాత్రం పెరిగి, లోపల ఏమీ లేకుండా ఉండడం జరుగుతుందా? ఆ తెర మీద చూపించేది నిజంగా పడిన ఫోటోయేనా? ఇది బాగా కనుక్కుని రాయండి.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. సింహాచలం క్వార్టరు ఖాళీ చేసి తిఫ్రాలో కట్టుకున్న ఇంట్లోకి మారాడు. ఫోటోలు ఇంకా కడిగించలేదు. రోల్లో మూడు ఉండిపోయాయి.

మీ
రమణమూర్తి


కరీంనగర్
8 మే 2006

గార్డు గారూ,

మార్చిలో మూడు. ఏప్రిల్లో మూడు. మీ కెమెరా ఏమైనా ఫిల్ము ఈనుతోందా? మూడు ఫోటోలకి కాకిని తీసినా, కొళాయిని తీసినా రోల్ ఎప్పుడో అయిపోయేది.

ఇంకొకటి. బ్యాటరీ గురించి ఒక్క వాక్యం రాసి, "పడిందో లేదో" గురించి నాలుగు వాక్యాలు రాశారు. బ్యాంకులో ఇరవై ఏడేళ్ళుగా జనం నా ఎదురుగా కూర్చుని, అడగాల్సినది వదిలేసి పక్కది అడుగుతుంటే చూస్తున్నాను. తెర మీద కనబడితే పడినట్టే, ఇది మీ ప్రశ్నకి జవాబు. ఇప్పుడు నా ప్రశ్నకి మీరు జవాబు చెప్పండి. సింహాచలం గారి ఫోటోలు ఏమయ్యాయి?

మీ
భాస్కరరావు


బిలాస్‌పూర్
19 మే 2006

మేనేజరు గారికి,

ఫోటోలు లేవు. ఒక్కటీ లేదు.

మూడున్నర నెలలుగా ఈ మాట ఎవరితోనూ అనలేదు, అచ్చియమ్మకి తప్ప. ఆ రోజు రాయగఢ్‌లో రోల్ ఎక్కించడానికి తీరిక దొరకలేదు. దారి పొడుగునా పార్సిళ్ళ పని. చివరికి గతౌరా స్టేషను దగ్గర పడుతుండగా బండి చివర నా బ్రేక్‌వేనులో కూర్చుని కెమెరా మూత తెరిచాను. అది దాటితే బిలాస్‌పూరే. ఫిల్ము కొస, అది చుట్టుకోవాల్సిన అవతలి గొట్టంలో దూర్చాను. అంతలో సింహాచలం కూత వేశాడు. స్టేషన్లో స్టేషను మాస్టరు జెండా పట్టుకుని నిలబడి ఉంటాడు, గార్డు కూడా తన పచ్చజెండా చూపించి తీరాలి. గభాలున మూత మూసి, కెమెరా బెంచీ మీద పెట్టి, జెండాతో తలుపు దగ్గర నిలబడ్డాను. ఫిల్ము పట్టుకుందో లేదో తర్వాత చూద్దామనుకున్నాను. చూడలేదు. బాజా వినబడేసరికి అన్నీ మరిచిపోయాను.

ముప్పై ఆరూ తీశాను. ముప్పై ఏడు కూడా తిరిగింది. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది. ముప్పై ఆరుకి బిగిసిపోవాల్సిన ఫిల్ము అసలు తిరగనే లేదని అప్పుడు అర్థమైంది. ఇంటికొచ్చి వెలుతురు పడకుండా రజాయి కింద దూరి మూత తీసి తడిమితే, ఫిల్ము కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే డబ్బాలో ఉంది.

"మూర్తీ, ఫోటోలు ఏటయ్యేయి?" అని సింహాచలం అడిగితే, రోల్లో ఇంకా మూడున్నాయన్నాను. ఆయన నమ్మాడు. అప్పటినుంచీ అదే మాట. ముప్పై నాలుగేళ్ళు నా పచ్చజెండా నమ్మి బండి తీసిన మనిషి ఆయన. ఈ మాటా నమ్ముతాడు. నాకు బాధంతా అదే. చెబితే స్నేహం పోతుంది, చెప్పకపోతే నేను పోతున్నాను.

కెమెరా ఏది కొనాలని మిమ్మల్ని అడగడంలో నా ఉద్దేశం ఇదీ. ఇలాంటిది మళ్ళీ జరగని కెమెరా ఏదైనా ఉందేమోనని.

రమణమూర్తి

అన్నయ్య గారికి అచ్చియమ్మ రాయునది. ఈయన రాయనిది నేను రాస్తున్నాను. సింహాచలం అన్నయ్య ఎదురుపడతాడేమోనని బజారుకి ఊరంతా చుట్టి వెళ్తున్నారు. పావుగంటలో తేవాల్సిన కొత్తిమీర వాడిపోయి వస్తోంది. మీరైనా గట్టిగా చెప్పండి.


కరీంనగర్
30 మే 2006

గార్డు గారూ,

అలాంటి కెమెరా లేదు. నేను కూడా మీకు ఒకటి రాయకుండా దాచాను. ఫిబ్రవరిలో శారద చెల్లెలి గృహప్రవేశం. నూట నలభై ఫోటోలు తీశాను. భోజనాలప్పుడు, బాగా రానిది ఒకటి చెరిపేద్దామని నొక్కితే, "అన్నీ?" అని అడిగింది ఆ కెమెరా. కళ్ళజోడు లేదు, సరే అన్నాను. ఇంకేముంది, అన్నీ పోయాయి. చేతిలో గారె ఉంది, అది కూడా దిగలేదు. వాళ్ళతో ఆ సాయంత్రమే చెప్పాను. మరదలు నాలుగు రోజులు మాట్లాడలేదు, ఐదో రోజు ఫోన్ చేసింది. మీకు మాత్రం చెప్పలేదు, డిజిటల్ పరువు పోతుందని.

కెమెరాల సంగతి పక్కన పెట్టి తిఫ్రా వెళ్ళండి. రేపే వెళ్ళండి. గతౌరా దగ్గర ఏం జరిగిందో నాకు రాసినట్టే ఆయనకి చెప్పండి.

భాస్కరరావు


బిలాస్‌పూర్
2 జులై 2006

మేనేజరు గారికి,

చెప్పాను. ఆయన వరండాలో టీ తాగుతున్నాడు. రోల్ పట్టుకోలేదు, ఫోటోలు లేవు, ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను అన్నాను. గ్లాసు కింద పెట్టాడు. "మా బావమరుదులు పలాస నుంచి నాలుగుసార్లు ఉత్తరం రాసేరు. మూడే మిగిలేయట అని నాను జవాబు రాయించేను. నీ అబద్ధం నా నోటితో పలికించేవు" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళిపోయాడు. వదిన గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. పొమ్మనలేదు, కూర్చోమనలేదు.

గతౌరా సంగతి చెప్పలేదు. నువ్వు కూత వేశావు కాబట్టే ఇలా అయిందని ఆయన మీదికి నెట్టినట్టుంటుంది.

నెల కావస్తోంది. నిన్న లోకో షెడ్డు దగ్గర ఎదురుపడ్డాడు. నన్ను చూసి అటుపక్కకి దాటిపోయాడు. కెమెరా బీరువాలో పెట్టేశాను. స్టూడియో అతనికి వద్దని చెప్పాను, మీ అబ్బాయినీ శ్రమ పడొద్దనండి. నాకింక ఏ కెమెరా వద్దు.

రమణమూర్తి


కరీంనగర్
15 జులై 2006

గార్డు గారూ,

మీ ఉత్తరం శారదకి చదివి వినిపించాను. ఆమె అడిగిన మాట ఇది: "ఫోటోలు పోయినయ్ సరే, చూసినయి గూడ పోయినయా?"

నిజమే కదండీ. ఎండ పడేదాకా పావుగంట నిలబడి ఒక్కటి తీసే మనిషి మీరు. ఆ రోజు మీరు నొక్కిన ముప్పై ఆరూ మీకు గుర్తున్నాయని నేను పందెం కాస్తాను. నేను పోగొట్టిన నూట నలభైలో నాకు మూడు కూడా గుర్తు లేవు. కూర్చుని రాయండి. ఒకటి, రెండు అని అంకెలు వేసి, ఏది ఎలా పడేదో రాసి ఆయనకి పంపండి. చింపేస్తే చింపేస్తాడు.

భాస్కరరావు


బిలాస్‌పూర్
10 సెప్టెంబరు 2006

మేనేజరు గారికి,

కాగితాలు పదకొండయ్యాయి. నాలుగు రోజులు పట్టింది. మొదటిది, వంపులో బండి తిరుగుతుంటే ఇంజిను కిటికీలోంచి ఆయన మోచెయ్యి. ఇరవై రెండోది, బండి ఆగాక హ్యాండిల్ మీంచి చెయ్యి తీసి, మళ్ళీ ఒకసారి దాని మీద పెట్టడం. అన్నీ రాశాను. అచ్చియమ్మ తీసుకెళ్ళి వదిన చేతికిచ్చింది. సింహాచలం ఇక్కడే పుట్టి హిందీ బళ్ళో చదివినవాడు, తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాలి. టెక్కలి దగ్గర పుట్టిన వదినే చదివి వినిపించాలి. రోజుకి రెండేసి, మూడేసి చదివిందట, అన్నం తిన్నాక.

ఆగస్టు అంతా ఏ కబురూ లేదు. పోయిన బుధవారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే ఆయన. వెనక వదిన. చేతిలో నా కాగితాలు, నూనె మరకలతో.

"పధ్నాలుగోది తప్పు" అన్నాడు, లోపలికైనా రాకుండా. "నర్సమ్మని ఇంజిను మీదకి నాను చెయ్యట్టుకు లాగేనని రాసేవు. నాను లాగలేదు. తనే ఎక్కింది."

"మీరే లాగేరు. భుజం పట్టీసింది నాకు" అంది వదిన.

"ఏటి లాగేను? నాను అటు తిరిగి అసిస్టెంటుతో మాటాడతన్నాను."

"అన్నా, నేను చూశాను, లాగావు" అన్నాను. మూడు నెలల తర్వాత ఆయనతో నేనన్న మొదటి మాట ఇదే. ఆయన నా వంక చూసి, "అచ్ఛా, నీకంత గుర్తుందేటి?" అన్నాడు. వచ్చి కూర్చున్నాడు. అచ్చియమ్మ టీ పెట్టింది.

టీ తాగుతూ అప్పుడన్నాడు. గతౌరా సంగతి కాగితాలిస్తూ అచ్చియమ్మ వదినకి చెప్పేసిందట. "నాకెందుకు చెప్పలేదు? నా కూత వినబడి మూత మూసీసేవు. జెండా అట్టుకుని నిలబడ్డావు. అదే నువ్వు జెండా మానీసి ఫిల్ము చూసుకునుంటే, నాకు వంద ఫోటోలొచ్చినా నీ మొకం చూసీవోణ్ణి కాదు." టీ ఆఖరి గుక్క తాగి, "అబద్ధం మాత్రం తప్పే" అన్నాడు. తప్పేనన్నాను.

మేనేజరు గారూ, ఆ పూట మా ఇంట్లో నలుగురం కూర్చుని ముప్పై ఆరూ మళ్ళీ మొదటినుంచీ చదువుకున్నాం. ఇంత సంతోషంగా నేను ఈ ఏడాదిలో లేను.

వెళ్ళబోతూ, "నవంబర్లో నీ ఆఖరి డ్యూటీకి ఫోటోలు ఎవరు తీస్తారు?" అని అడిగాడు. నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదంటే నమ్ముతారా? "నాను తీస్తాను" అన్నాడు. బీరువాలోంచి నా కెమెరా తెచ్చి చేతిలో పెట్టాను. ఈ రింగు తిప్పితే బొమ్మ స్పష్టమవుతుంది, ఈ రింగు వెలుతురుకి, లోపల సూది మధ్యకి రావాలి, తర్వాత ఇది లాగాలి, అప్పుడు నొక్కాలి అన్నాను. ఆయన అటూ ఇటూ తిప్పి, "ఇంజినుకే ఇన్ని లేవురా" అని తిరిగిచ్చేశాడు.

కాబట్టి మన ఫిల్ము, డిజిటల్ తగువు తీరిపోయింది. నాకు చేతనైంది ఫిల్మే. మళ్ళీ పుట్టినా అదే పట్టుకుంటాను. కానీ ఆ రోజు నేను కెమెరా వెనక ఉండను, ముందుంటాను. వెనక ఉండేవాడికి ఏది చేతనైతే అదే మంచి కెమెరా. మీరు గెలిచారని మురిసిపోకండి, గెలిచింది సింహాచలం. డిజిటలే పంపించండి, మీలాంటిదే. "అన్నీ?" అని అడిగితే ఏం నొక్కకూడదో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

మీ
రమణమూర్తి


కరీంనగర్
22 అక్టోబరు 2006

గార్డు గారూ,

మా బ్యాంకు అతను రాయపూర్ వస్తుంటే అతని చేతికిచ్చాను, అక్కణ్ణుంచి మీకు అందుతుంది. అదనంగా ఒక బ్యాటరీ ఉంది. చెత్తబుట్ట బొమ్మ ఉన్న మీట మీద శారద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది. ఆ చుక్క జోలికి వెళ్ళొద్దని సింహాచలం గారికి చెప్పండి. ఆడిట్ వల్ల నాకు సెలవు దొరకలేదు. రాలేకపోతున్నందుకు నిజంగా బాధగా ఉంది. అందుకే అన్నీ వివరంగా రాయాలి.

మీ
భాస్కరరావు


బిలాస్‌పూర్
3 డిసెంబరు 2006

మేనేజరు గారికి,

రిటైరయ్యాను. మూడు రోజులైంది. పొద్దున్నే లేచి బూట్లు వెతుక్కుంటుంటే అచ్చియమ్మ నవ్వుతోంది.

ఆ రోజు రాయగఢ్ నుంచే వచ్చాను. సింహాచలం ముందు రోజే రాయగఢ్ వచ్చి, టికెట్టు కొనుక్కుని, మా బండిలోనే నా పక్క పెట్టెలో కూర్చున్నాడు. బండి ఆగిన ప్రతి స్టేషన్లో దిగి, పరుగెత్తుకుంటూ వచ్చి ఒకటి తీయడం, తెర చూసుకోవడం, "పడ్డావు!" అని ప్లాట్‌ఫారం అంతా వినబడేలా అరవడం. చాంపాలో జనం చుట్టూ చేరారు. నేను పచ్చజెండా ఊపితే గాని ఆయన మళ్ళీ ఎక్కడు, ఆయన ఎక్కితే గాని నేను ఊపను. రెండు నిమిషాలు ఆలస్యమైంది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నా వల్ల ఆలస్యమైంది ఆ రెండు నిమిషాలే.

బిలాస్‌పూర్లో కాలనీ అంతా వచ్చింది. బ్రేక్‌వేనుకి దండలు కట్టారు. అచ్చియమ్మ ఎక్కి నా బెంచీ మీద కూర్చుని, "ఇంత గట్టిగా ఉందేటి, దీని మీదేనా ఇన్నేళ్ళు కూర్చున్నారు?" అంది. ఊరేగింపుగా వస్తుంటే సింహాచలం అందరినీ ఆపేస్తాడు, పడ్డామో లేదో చూసుకునేదాకా కదలనివ్వడు. బాజావాళ్ళు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆపారు.

సాయంత్రం మా ఇంట్లో అందరం ఆ చిన్న తెర చుట్టూ చేరాం. ఎనభై ఎనిమిది తీశాడు. ఇరవై మూడింట్లో ఆయన బొటనవేలుంది. కొన్నింట్లో నా తల లేదు. ఇన్నేళ్ళు అందరినీ తీశాను గాని, డ్యూటీలో నా ముఖం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదండీ. టోపీ కొంచెం వంకరగా పెట్టుకుంటానట. ఎవరూ చెప్పలేదు.

ఆ ఫోటోల్లో ఒకటి మాత్రం వేరు. జనమంతా ముందుకి వెళ్ళిపోయాక, జెండా చుట్టి లోపల పెడదామని నేనొక్కణ్ణే బ్రేక్‌వేనులోకి మళ్ళీ ఎక్కాను. ఎవరూ చూడడం లేదనుకున్నాను. చుట్టిన జెండా ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను. చక్కగా పడింది. వేలు కూడా లేదు.

నాకు సిగ్గేసింది. "అన్నా, ఇదొక్కటి చెరిపేద్దాం. ఆ ఎర్రచుక్క నొక్కు" అన్నాను. ఆయన కెమెరా రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాక్కున్నాడు.

"లేని ఫోటో కోసం ఇద్దరం మూడు నెలలు మాటల్లేకుండా బతికేం. ఉన్నదాన్ని చెరిపీడం ఏటి, మూర్తీ?" అన్నాడు.

ఆ ఫోటోనే కాగితం మీద వేయించి ఇందులో పెట్టాను. ముక్కు ఎర్రగా ఉంటుంది, నవ్వకండి.

మీ
రమణమూర్తి